ఫీల్డులో మొహమాటం పనికిరాదు

రెక్కలు – రిమోట్లు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఆర్‌సీ విమానాల (రిమోట్‌తో ఎగరేసే చిన్న విమానాల) గురించి పోయిన నెల ఈ పేజీలో రాసినదానికి చాలా ఉత్తరాలు వచ్చాయి. ఏ మోటారు కొనాలి, ఎంత బ్యాటరీ పెట్టాలి అన్నవే ఎక్కువ. వాటికి వచ్చే నెల జవాబిస్తాను. వానలు తగ్గాయి, దసరా సెలవులు వచ్చాయి, మన హైదరాబాద్‌లో కొత్తవాళ్లు ఫీల్డుకు వచ్చేది ఈ రోజుల్లోనే. అందుకని ఈసారి ఎగరేసే చోట ఎలా మెలగాలన్న ప్రశ్నలే తీసుకున్నాను.

ప్రశ్న: మేడమ్, మా అబ్బాయి తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. ఆన్‌లైన్‌లో ఫోమ్ విమానం తెప్పించుకుని కాలనీ పార్కులో ఎగరేస్తున్నాడు. మొన్న వాకింగ్ చేస్తున్న ఒక పెద్దాయన తలకు తగిలినంత పనైంది. ‘థర్మాకోలే కదమ్మా, ఏమవుతుంది’ అంటాడు. వాడి సరదా పాడుచేయడం నాకు ఇష్టం లేదు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, కూకట్‌పల్లి

జవాబు: అమ్మా, పార్కులో ఎగరేయడం ఇవాళే ఆపించండి. విమానాలు ఎగరేయడం మాత్రం మాన్పించకండి.

మీవాడి మాట చాలామంది పెద్దవాళ్లు కూడా అంటారు. ఫోమ్ మెత్తగా ఉండే మాట నిజమే. కానీ దాని పొట్టలో బ్యాటరీ ఉంటుంది, ముక్కుకు మోటారు ఉంటుంది. బరువంతా అక్కడే. కొత్తవాళ్లు నేర్చుకునే మామూలు ట్రైనర్ విమానం కిలో, కిలోన్నర తూగుతుంది. గంటకు 72 కిలోమీటర్లు వీటికి పెద్ద వేగమేమీ కాదు. ఆ వేగంతో కిలోన్నర విమానం ఎవరికైనా తగిలితే ఆ దెబ్బలోని శక్తి 300 జౌల్స్. నేను ఫిజిక్సు లెక్చరర్‌గా పనిచేసినదాన్ని కాబట్టి అలవాటుకొద్దీ లెక్క కట్టాను. మామూలు మాటల్లో చెప్పాలంటే, ఏడో అంతస్తు బాల్కనీ నుంచి కిలోన్నర రాయి జారి పడ్డట్టు. ఇక ప్రొపెల్లర్ సంగతి. పది అంగుళాల ప్రొపెల్లర్ నిమిషానికి 9,000 చుట్లు తిరిగితే దాని కొస వేగం గంటకు 430 కిలోమీటర్లు. ప్లాస్టిక్‌దైనా వేలు తెగుతుంది. తెగేది ఎక్కువగా ఎగరేసేవాళ్ల వేలే, అదీ నేల మీద ఉన్నప్పుడే.

ఇది పార్కులో నడిచేవాళ్ల సమస్య ఒక్కటే కాదు. మన ఊరి చుట్టూ చూడండి: ఒకపక్క శంషాబాద్, మధ్యలో బేగంపేట, ఉత్తరాన హకీంపేట, దుండిగల్. ఎటు పోయినా ఏదో ఒక రన్‌వే దగ్గరలోనే ఉంటుంది. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ నియమాలు మన విమానాలకూ వర్తిస్తాయి. ఎయిర్‌పోర్టు సరిహద్దు నుంచి 8 కిలోమీటర్ల లోపల అనుమతి లేకుండా ఎగరేయకూడదు. 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్యనైతే 200 అడుగులు, ఆ పైన గ్రీన్ జోన్‌లో 400 అడుగులు దాటకూడదు. ప్రభుత్వం డ్రోన్ల కోసం ఆన్‌లైన్‌లో పెట్టిన డిజిటల్ స్కై మ్యాప్‌లో మీ ఇల్లు ఏ రంగులో ఉందో మీవాడినే వెతకమనండి. వాడే తెలుసుకుంటే మనం పదిసార్లు చెప్పే పని తప్పుతుంది. లైసెన్సు కావాలా అని ఇంకా చాలామంది అడిగారు కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను. రెండు కిలోల లోపు విమానాన్ని వ్యాపారానికి కాకుండా సరదాకు ఎగరేస్తే రిమోట్ పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. జోన్ల నియమం మాత్రం పాటించి తీరాలి. జనవరి 26, ఆగస్టు 15 దగ్గరపడినప్పుడు పోలీసులు విడిగా నిషేధాలు పెడుతుంటారు, ఆ వారం పేపరు చూసుకోండి.

మరి ఎక్కడ ఎగరేయాలి? ఊరి బయట ఏదైనా క్లబ్బు ఫీల్డుకు తీసుకెళ్లండి. మొదటిసారి విమానం ఇంట్లోనే పెట్టి రండి. చేతిలో విమానం ఉంటే ఎప్పుడెప్పుడు ఎగరేద్దామా అన్న ఆత్రమే తప్ప చుట్టూ ఏం జరుగుతోందో పిల్లలు చూడరు. ఊరికే కూర్చుని గంటసేపు చూస్తే ఎవరు ఎక్కడ నిలబడుతున్నారు, ఏమని కేకేస్తున్నారు అన్నది వాడికే పట్టుబడుతుంది. తర్వాత బడ్డీ బాక్సు మీద నేర్పిస్తారు. రెండు ట్రాన్స్‌మిటర్లను (రిమోట్లను) కలిపి, ఒకటి వాడి చేతిలో, ఒకటి నేర్పేవారి చేతిలో ఉంచుతారు. విమానం గాడి తప్పగానే నేర్పేవారు తమ స్విచ్ వదిలితే కంట్రోల్ వాళ్ల చేతికి వచ్చేస్తుంది. ఈలోపు ఇంట్లో కంప్యూటర్ మీద సిమ్యులేటర్ ఆడుకోనివ్వండి. విమానం మనకేసి ఎదురుగా వచ్చేటప్పుడు కుడి ఎడమైపోతుంది కదా, ఆ తికమక అక్కడే పోవాలి.

ఇంకొక్క మాట. పిల్లాడిని దింపేసి వెళ్లిపోకండి. ఫీల్డులో మీరు ఉండాలి.

ప్రశ్న: నేను ఎగరేయడం మొదలుపెట్టి ఏడాది అయింది. ఇప్పుడందరూ 2.4 గిగాహెర్ట్జ్ రేడియోలే వాడుతున్నారు, ఒకరి సిగ్నల్ ఒకరికి అడ్డురాదు. అయినా మా ఫీల్డులో ప్రతిదానికీ ‘టేకాఫ్’, ‘ల్యాండింగ్’ అని అరవమంటారు. ఆఫీసులో గట్టిగా మాట్లాడే అలవాటు కూడా లేనివాణ్ని, నాకు ఇబ్బందిగా ఉంటోంది. అవసరమా?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మియాపూర్

జవాబు: సిగ్నల్ అడ్డురాదు, నిజమే. విమానాలు అడ్డొస్తాయి, మనుషులు అడ్డొస్తారు.

పాత 72 మెగాహెర్ట్జ్ రేడియో సెట్ల కాలంలో ఫీల్డులో ఒక చెక్కబోర్డు ఉండేది. దానికి ఛానెల్ నంబర్లు రాసిన బట్టల క్లిప్పులు ఉండేవి. మీ నంబరు క్లిప్పు మీ యాంటెన్నాకు ఉంటేనే సెట్టు ఆన్ చేయాలి. అదే నంబరు మీద ఇంకొకరు ఆన్ చేస్తే గాల్లో ఉన్న విమానం అక్కడికక్కడే కూలేది. ఆ బోర్డు వల్ల ఇంకో మేలు కూడా జరిగేది. క్లిప్పు కోసం వెళ్లిన ప్రతివాడూ ‘ఇప్పుడు ఎవరు ఎగరేస్తున్నారు’ అని అడగాల్సి వచ్చేది. కొత్త రేడియోలతో బోర్డు పోయింది, ఆ పలకరింపూ పోయింది. ఇప్పుడు ఎవరి పాటికి వాళ్లు కార్లోంచి దిగి, ఆన్ చేసి, ఎగరేసేయొచ్చు. అందుకే ఇప్పుడు కేకలు అప్పటికంటే ఎక్కువ అవసరం.

విమానం గాల్లో ఉండగా మీ కన్ను దాని మీదే ఉంటుంది, ఉండాలి కూడా. రెండు సెకన్లు చూపు పక్కకు తిప్పితే అది 40 మీటర్లు వెళ్లిపోతుంది. కాబట్టి రన్‌వే మీద ఎవరున్నారో, పక్కవాడు దింపుతున్నాడో ఎగరేస్తున్నాడో మీకు కనపడదు. చెవి ఒక్కటే ఖాళీగా ఉంటుంది. ‘టేకాఫ్’ అంటే రన్‌వే నేను వాడుకుంటున్నాను అని. ‘ల్యాండింగ్’ అంటే వస్తున్నాను, జరగండి అని. పడిపోయిన చక్రం తెచ్చుకోవడానికి వెళ్లేటప్పుడు ‘రన్‌వే మీద మనిషి’ అనాలి, పక్కనున్న పైలట్లు ‘సరే’ అన్నాకే అడుగు పెట్టాలి, బయటికొచ్చాక ‘క్లియర్’ అనాలి. చాలామంది ఈ చివరిది మర్చిపోతారు. పాపం గాల్లో ఉన్నవాడు బ్యాటరీ అయిపోతుంటే ఎదురుచూస్తూ తిరుగుతుంటాడు.

అన్నిటికంటే పెద్ద కేక ‘డెడ్ స్టిక్!’. ఇంజిన్ ఆగిపోయింది, ఇక పైకి లేవలేను, ఒక్కసారే దిగగలను అని దాని అర్థం. అది వినపడగానే మిగతావాళ్లంతా రన్‌వే వదిలిపెట్టి పక్కకు, పైకి వెళ్లిపోవాలి. మీరు అప్పుడే ల్యాండింగ్‌కు వస్తున్నా సరే, మళ్లీ లేపుకుని ఒక చుట్టు తిరగాలి.

మీకు గొంతు పెగలకపోతే ఒక ఉపాయం. ఒక స్నేహితుడిని స్పాటర్‌గా (చుట్టూ చూసి చెప్పే మనిషిగా) పక్కన నిలబెట్టుకుని, మొదట్లో కేకలు ఆయన్నే వేయమనండి. మీ గొంతు దానంతటదే కలుస్తుంది. గాగుల్స్ పెట్టుకుని, విమానంలోని కెమెరా చూపించేది చూస్తూ (ఎఫ్‌పీవీ) ఎగరేసేవాళ్లకైతే స్పాటర్ లేకుండా కుదరనే కుదరదు.

ప్రశ్న: మేడమ్ నమస్తే. నేను బీటెక్ మూడో సంవత్సరం. మా ఫీల్డులో అందరికంటే సీనియర్ ఒక అంకుల్ ఉన్నారు. నాకు విమానం కట్టడం నేర్పింది ఆయనే. కానీ ఎగరేసేటప్పుడు తరచూ పిట్స్ (విమానాలు సిద్ధం చేసుకునే చోటు) మీదుగా, మా తలల మీదుగా తిప్పుతారు. కేకలు వేయరు. ఎవరూ ఏమీ అనరు. పోయిన ఆదివారం ఆయన విమానం మా కార్ల మీదుగా చెట్టెత్తున పోయింది. నేనెలా చెప్పేది?
– విద్యార్థి, ఘట్‌కేసర్

జవాబు: బాబూ, వచ్చిన ఉత్తరాలన్నిటిలోకీ నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది నీదే. లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీకి ఎలా మంట అంటుకుంటుందో చెప్పడం తేలిక. నేర్పిన పెద్దాయనతో ‘అంకుల్, ఇది తప్పు’ అనడం తేలిక కాదు. మనం పెరిగిన పద్ధతే అలాంటిది, ఆ పద్ధతిలో మంచీ ఉంది. కానీ ఫీల్డులో నేను చూసిన ప్రమాదాల్లో చాలా వాటికి ముందు ఎవరో ఒకరు ‘చెబుదామా వద్దా’ అని నోరు మెదపకుండా ఊరుకున్నారు. రెక్కను కట్టే రబ్బరు బ్యాండు వదులైందని ఒకరు చూశారు. బ్యాటరీ పట్టీ ఊడిందని ఇంకొకరు చూశారు. పెద్దవాళ్లు కదా, వాళ్లకు తెలియదా అనుకున్నారు.

కాబట్టి నీ ప్రశ్నను రెండుగా విడదీస్తాను: గాల్లో ఉండగా చెప్పేది, దిగాక చెప్పేది.

విమానం జనం మీదికి వస్తుంటే ఆలోచించకు. గట్టిగా అరువు. ఏం అరవాలో ముందే నోటికి వచ్చేలా పెట్టుకో: ‘పిట్స్ మీదికి వస్తోంది!’ అంతే. ‘అంకుల్, మీరు...’ అని మొదలుపెట్టకు. మనిషిని పిలిస్తే ఆయన నీవైపు చూస్తాడు, అప్పుడు విమానం మీంచి కన్ను పోతుంది. విమానం ఎక్కడుందో చెబితే విమానాన్నే చూస్తాడు. ఆ కేక విన్న మిగతావాళ్లు కూడా తలెత్తి చూస్తారు, అదే కావాలి. అలాంటప్పుడు వెనక్కి తిరిగి పరుగెత్తకూడదు. విమానానికేసి చూస్తూనే పక్కకు జరగాలి. ఎటు వస్తుందో తెలిస్తేనే తప్పుకోగలం. ఇంకో సంగతి, ఎంత భయం వేసినా ఆయన చేతిలో ట్రాన్స్‌మిటర్ లాక్కోకు. ఆ గుంజులాటలో స్టిక్కు ఎటు పోతుందో ఎవరికీ తెలియదు.

దిగాక చెప్పేది వేరు. ల్యాండయిన వెంటనే చెప్పకు. బ్యాటరీ తీయనీ, విమానం స్టాండు మీద పెట్టనీ, టీ తాగనీ. నలుగురిలో కాకుండా పక్కకు పిలిచి, జరిగింది జరిగినట్టు చెప్పు. ‘మీరు ప్రమాదకరంగా ఎగరేస్తున్నారు’ అంటే ఏ పెద్దవాళ్లకైనా కోపం వస్తుంది. ‘అంకుల్, ఇందాక మూడో టర్నులో విమానం మన కార్ల మీదుగా చెట్టెత్తున వచ్చింది. గాలి పడమటి నుంచి తోస్తోంది కదా, టర్ను కొంచెం అవతలే మొదలుపెడతారా?’ అను. ఇది ఎగరేసేవాళ్లు ఎగరేసేవాళ్లతో మాట్లాడే మాట. చాలామటుకు సీనియర్లకు తాము లోపలికి జరుగుతున్నామని నిజంగానే తెలియదు. వయసుతోపాటు దూరం అంచనా తగ్గుతుంది, విమానం సరిగ్గా కనపడాలని తెలియకుండానే దగ్గరకు తెచ్చుకుంటారు. కళ్లద్దాల నంబరు మారిందేమో అడగమని వాళ్లింట్లోవాళ్లకు చెప్పిన సందర్భాలు కూడా నాకున్నాయి.

అయినా మారకపోతే? అప్పుడది నీ ఒక్కడి పని కాదు, ఫీల్డు పని. మా ఫీల్డులో ఒక ఏర్పాటు ఉంది. ప్రతి ఆదివారం ఒకరు సేఫ్టీ డ్యూటీ చేస్తారు. ఆ రోజు వాళ్లు ఎగరేయరు, నారింజరంగు జాకెట్టు వేసుకుని ఫ్లైట్ లైన్ (ఎగరేసేవాళ్లు నిలబడే గీత) వెనక నిలబడతారు. ఇంటర్ చదివే పిల్లలకు కూడా వంతు వస్తుంది. జాకెట్టు ఎవరి ఒంటి మీద ఉంటే ఆ పూట మాట వాళ్లది. ఒక ఆదివారం ఇంటర్ ఫస్టియర్ పిల్లాడి వంతు వచ్చింది. మేకలు తోలుకుంటూ ఒక కుర్రాడు రన్‌వే అవతలి కొస నుంచి లోపలికి వస్తున్నాడు. మా వాళ్లలో అందరికంటే అనుభవం ఉన్నాయన సరిగ్గా అటువైపే లో పాస్‌కు, అంటే నేలకు దగ్గరగా పోనివ్వడానికి, దిగుతున్నాడు. ఆ పిల్లాడి గొంతు వణికింది కానీ ఆగలేదు: ‘అందరూ దింపేయండి! అవతల మనిషి ఉన్నాడు!’ ఆయన థ్రాటిల్ (మోటారు వేగం) పెంచి, పైకి లేపి, చుట్టు తిప్పి, మేకలు దాటాక దింపేశాడు. దింపి నేరుగా పిల్లాడి దగ్గరకు వెళ్లి భుజం తట్టాడు. తర్వాత ఆ పిల్లాడితో ఎవరూ ‘నువ్వెంత’ అనలేదు.

మీ ఫీల్డులో ఇలాంటి వంతు లేకపోతే నువ్వే అడుగు. మొదటి వారం జాకెట్టు ఆ అంకుల్‌కే ఇవ్వమను. రెండు గంటలు వెనక నిలబడి చూస్తే ఎవరి విమానం ఎక్కడ తిరుగుతోందో ఆయనకే కనపడుతుంది. నీకు నేర్పిన మనిషి కదా, ఈ గౌరవం ఆయనకు దక్కాలి.

ప్రశ్న: మా విమానం పక్కనున్న పత్తి చేనులో పడింది. వెతకడానికి నలుగురం వెళ్తే రైతు గొడవపెట్టాడు, విమానం ఇవ్వనన్నాడు. ఇలాంటప్పుడు ఏం చేయాలి?
– కొందరు మిత్రులు, శంకర్‌పల్లి రోడ్

జవాబు: రైతు గొడవపెట్టాడని రాశారు. చేనులోకి నలుగురు దిగారని కూడా మీరే రాశారు.

అక్టోబరులో పత్తి కాయ పగిలే సమయం. రెండు సాళ్ల మధ్య మనిషి పట్టేంత చోటు కూడా ఉండదు, ప్యాంటుకు తగిలితే కొమ్మ విరుగుతుంది. మా ఫీల్డు పక్క పొలం ఆయన మొదట్లో మాతో అన్న మాట నాకింకా గుర్తుంది: ‘ఏంది సారూ, చేన్ల వడి గట్ల ఉరుకుతున్రు? కాయలు రాలుతున్నయ్, సూడుర్రి.’ ఆయన చూపించిన చోట పిందెలు, పగలని కాయలు నేల మీద ఉన్నాయి. అప్పటి నుంచి మా పద్ధతి ఇది. విమానం పడగానే ఎవరూ కదలరు. పడ్డచోటు వైపు చెయ్యి చాపి ఒకరు అలాగే నిలబడతారు, దిక్కు తప్పకుండా. ఇంకొకరు రైతు ఉన్నాడేమో చూసి, ‘అన్నా, మా విమానం మీ చేన్లో పడ్డది, ఒక్కణ్ని వచ్చి తీసుకోనా?’ అని అడుగుతారు. ఒప్పుకున్నాక ఒక్కరే గట్టు మీద నడిచి వెళ్లి, దగ్గరి సాలులోంచి లోపలికి వెళ్తారు. చెయ్యి చాపినవాళ్లు ఫోన్లో ‘కొంచెం ఎడమకు’ అని చెబుతుంటారు. చేను పాడైతే ఎంతో ఆయన్నే అడిగి ఇచ్చేస్తాం, బేరం ఆడం. మక్క చేనైతే ఇంకా కష్టం, తలకంటే ఎత్తుంటుంది. విమానంలో చిన్న బజర్ పెట్టుకుంటే వెతుకులాట సగం తగ్గుతుంది.

చేనులో పడినప్పుడు లైపో బ్యాటరీ విడిపోయి అక్కడే ఉండిపోతే మాత్రం దొరికేదాకా కదలకండి. దెబ్బ తిన్న లైపో గంట తర్వాత కూడా అంటుకోవచ్చు. ఎండిన పత్తి కట్టెలో అంటుకుంటే మీరు ఏ ముఖం పెట్టుకుని ఆ ఊరికి వెళ్తారు?

ఊరివాళ్లతో పేచీలు వచ్చాక సర్దుకోవడం కంటే ముందే పరిచయం ఉండటం మేలు. మా దగ్గర ఇంధనంతో నడిచే గ్లో ఇంజిన్లు పొద్దున ఎనిమిదింటిలోపు స్టార్ట్ చేయం, ఆ చప్పుడు ఊళ్లోకి వినపడుతుంది. బోనాలప్పుడు, బతుకమ్మ రోజున ఊరివైపు ఎగరేయం. ఊళ్లో ఎవరైనా చనిపోయారని తెలిస్తే ఆ రోజుకు మూసేసి వెళ్లిపోతాం. ఏటా ఒక పూట బడి పిల్లలను పిలిచి చూపిస్తాం. ఊరి చుట్టూ వెంచర్లు వేసి హద్దు రాళ్లు పాతుకుంటూ వస్తున్నారు, ఎగరేయడానికి ఖాళీ జాగా ఏటేటా దూరమైపోతోంది. ఉన్న జాగాను ఊరివాళ్లతో తగాదాపడి పోగొట్టుకున్న క్లబ్బు మళ్లీ లేవడం కష్టం. అన్నట్టు, ఆ తెల్ల రంగు హద్దు రాళ్లు గడ్డిలో కనపడవు, దిగేటప్పుడు చక్రాలు ఊడగొడతాయి. కొత్త చోట ఎగరేసే ముందు ఒకసారి కాలినడకన చుట్టి చూసుకోండి.

మీ విమానం తీసుకునే విషయానికొస్తే, రేపు ఒక్కరే వెళ్లండి. విమానం మాట తర్వాత ఎత్తండి. ముందు చేను సంగతి అడగండి.

ప్రశ్న: విమానం కరెంటు తీగల మీద చిక్కుకుంటే కర్రతో తీయొచ్చా? వెదురు కర్రకు కరెంటు రాదు కదా?
– పాఠకుడు, మేడ్చల్

జవాబు: వద్దు. పచ్చి వెదురుకు, తడి వెదురుకు కరెంటు వస్తుంది. కార్బన్ గొట్టానికైతే ఇంకా బాగా వస్తుంది. 1912కు ఫోన్ చేసి స్తంభం నంబరు చెప్పండి, లైన్‌మన్ వచ్చి సప్లై ఆపి తీస్తాడు. సాయంత్రమైనా, మర్నాడైనా ఆగండి. విమానం అక్కడ ఉన్నంతసేపూ పిల్లలు దాని కిందికి వెళ్లకుండా ఒకరు కాపలా ఉండండి.

నేను ఎన్‌సీసీ ఎయిర్‌వింగ్‌లో కంట్రోల్ లైన్ విమానాలతో మొదలుపెట్టాను. రెండు స్టీలు తీగల చివర విమానం మన చుట్టూ గుండ్రంగా తిరుగుతుంది. మా ఇన్‌స్ట్రక్టర్ వలయం గీయకముందే తలెత్తి కరెంటు తీగలు ఎంత దూరంలో ఉన్నాయో చూపించమనేవారు. చూపించాకే హ్యాండిల్ చేతికిచ్చేవారు.

ప్రశ్న: లైపో బ్యాటరీ కొంచెం ఉబ్బింది. ఇంకా బాగానే పనిచేస్తోంది. వాడొచ్చా? బ్యాటరీలు కార్లో ఉంచితే ఫర్వాలేదా?
– పాఠకుడు, ఉప్పల్

జవాబు: రెండూ వద్దు. ఉబ్బిందంటే లోపల గ్యాస్ పుట్టిందని. బల్బు పెట్టి పూర్తిగా ఖాళీ చేసి ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇచ్చేయండి, చెత్తబుట్టలో వేయకండి. మూసిన కారు మన ఏప్రిల్ ఎండలో ఎంత వేడెక్కుతుందో తెలిసిందే. బ్యాటరీలు మీతోపాటు నీడలోకి తెచ్చుకోండి. వారంపాటు ఎగరేయనప్పుడు ఒక్కో సెల్లు 3.8 వోల్టుల దగ్గర ఉంచండి. నిండా 4.2 వోల్టులకు ఎక్కించి బీరువాలో పెట్టకండి. ఛార్జింగ్ బండ మీద, మీ కళ్లెదుట. మంచం పక్కన రాత్రంతా పెట్టి పడుకోవడం అసలే కూడదు.

ప్రశ్న: కుటుంబంతో ఫీల్డుకు వెళ్లొచ్చా? మా కుక్కను తీసుకెళ్తే ఏమైనా అంటారా?
– పాఠకురాలు, మల్కాజ్‌గిరి

జవాబు: కుటుంబంతో తప్పకుండా రండి. అమ్మాయిలను కూడా తీసుకురండి, చూడటానికే కాదు, ఎగరేయడానికి. ఫ్లైట్ లైన్ వెనక, షామియానా దగ్గర కూర్చోవాలి. ఫొటోల కోసం లైను దాటకూడదు. స్పీకర్లో పాటలు పెట్టకండి, కేకలు వినపడవు. ఎగరేసేవాళ్లతో మాట్లాడాలనిపిస్తే విమానం దిగేదాకా ఆగండి. కుక్క గొలుసుతో ఉంటే సరే, కానీ తిరిగే ప్రొపెల్లర్ చప్పుడుకు బెదిరి లాక్కుపోతుంది. మొదటిసారి ఇంట్లోనే ఉంచండి.

ప్రశ్న: రిపేరు చేశాక మొదటిసారి ఎగరేసినప్పుడే నా విమానాలు రెండుసార్లు కూలాయి. ఏదైనా శాపమా అనిపిస్తోంది.
– పాఠకుడు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: శాపం కాదు, సర్వో (రెక్క, తోక పలకలను కదిపే చిన్న మోటారు) వైరో, రేడియోలో రివర్స్ సెట్టింగో అయి ఉంటుంది. రిపేరులో సర్వో మార్చి ఉంటారు, ఐలరాన్ (రెక్క వెనక అంచున కదిలే పలక) తిరగబడి ఉంటుంది. ఎగిరేదాకా తెలియదు, ఎగిరాక చేసేదేమీ ఉండదు.

ఇలా చూసుకోండి. ముందు ఇంటి దగ్గర, ప్రొపెల్లర్ తీసేసి, ట్రాన్స్‌మిటర్ ఆన్ చేయండి. థ్రాటిల్ అడుగున, మోటారు తిరగకుండా ఆపే థ్రాటిల్ కట్ స్విచ్ వేసి ఉండాలి. అప్పుడు బ్యాటరీ కలపండి. బీప్‌లు ఆగాక విమానం వెనక నిలబడి కుడి స్టిక్కు కుడికి తోయండి. కుడి రెక్క మీది ఐలరాన్ పైకి లేవాలి, ఎడమది దిగాలి. స్టిక్కు మీవైపు లాగితే ఎలివేటర్ (తోక మీది అడ్డ పలక) పైకి లేవాలి. రడ్డర్ స్టిక్కు కుడికి అంటే రడ్డర్ (తోక మీది నిలువు పలక) కుడికి. నోటితో చెబుతూ చూడండి, ‘కుడి... కుడిది పైకి’ అని. మనసులో అనుకుంటే కన్ను తనకు కావలసిందే చూస్తుంది. విమానంలో గైరో (విమానం ఒరిగితే తనే సరిచేసే పరికరం) ఉంటే ఇంకొకటి: చేత్తో విమానాన్ని కుడికి వంచండి, అప్పుడు కుడి ఐలరాన్ కిందికి దిగాలి, అంటే ఎడమకు సరిచేయాలి. గైరో తిరగబడి ఉంటే చెయ్యి వదిలిన సెకనులో బోర్లాపడుతుంది.

తర్వాత ఫెయిల్‌సేఫ్, అంటే సిగ్నల్ పోతే మోటారు దానంతటదే ఆగే ఏర్పాటు. మోటారు మెల్లగా తిరుగుతుండగా ట్రాన్స్‌మిటర్ ఆఫ్ చేయండి, మోటారు ఆగాలి. ఆగకపోతే ఆ విమానం ఫీల్డుకు రాకూడదు. అప్పుడు ప్రొపెల్లర్ పెట్టి ఫీల్డుకు రండి. అక్కడ ట్రాన్స్‌మిటర్‌ను రేంజ్ చెక్ మోడ్‌లో (సిగ్నల్ బలం తగ్గించి దూరం పరీక్షించే మోడ్) పెట్టి ముప్పై అంగలు వెనక్కి నడుస్తూ కంట్రోల్ ఆడించండి. ఆ సమయంలో తోక దగ్గర పట్టుకోవడానికి ఒక మనిషి ఉండాలి. మోటారు తిరుగుతుండగా ఆ మనిషి ప్రొపెల్లర్ వెనకే ఉండాలి, ముందూ కాదు, దాని వరసలో పక్కనా కాదు. పగిలిన ముక్క ఎగిరేది ఆ వరసలోనే.

ఇంకా అనుమానంగా ఉంటే ఎగరేసే ముందు పక్కనున్న ఎవరినైనా పిలిచి ‘ఒకసారి చూడండి’ అనండి. చిన్నవాళ్లయినా సరే, పిలవండి. ఎన్నాళ్లుగా ఎగరేస్తున్నా, రిపేరైన విమానాన్ని నేను ఇప్పటికీ ఇంకొకరికి చూపించాకే లేపుతాను.